ఎర్రది లేవలేదు

ఎర్రదానికి జబ్బు చేసిందనే ముందు అనుకున్నాను.

ఆ వేసవి మా ఆవిడ ఊళ్ళో లేదు. ఆమె పనిచేసే బట్టల కంపెనీ మరో ఊళ్ళో కొత్త షెడ్డు తెరిచింది. అక్కడ కొత్తగా చేరినవాళ్ళకి మిషన్ పని నేర్పడానికి ఆమెను పంపించారు. నెలరోజులే అన్నారు. నేను స్కూలు బస్సు నడుపుతాను కాబట్టి సెలవుల్లో నాకు పనిలేదు. అలా ఇల్లు, పెరడు, పెరట్లో ఐదు కోళ్ళు నా చేతికొచ్చాయి. వెళ్ళేరోజు బస్టాండులో ఆమె చెప్పిన జాగ్రత్తలన్నీ కోళ్ళ గురించే. నా తిండి గురించి ఒక్క ముక్క అనలేదు. అదేంటని అడిగితే, "అవి నోరులేనివి. మీకు నోరుందిగా" అంది.

కోళ్ళకి పేర్లు పెట్టింది కూడా ఆమే. ఒకటి ఎర్రది, ఒకటి చుక్కలది. పెరటి తలుపు దగ్గర నిలబడి వచ్చేపోయేవాళ్ళని నిలదీసేది పోలీసు. ఏది ఏదో నాకిప్పటికీ తెలియని తెల్లవి రెండూ అక్కాచెల్లెళ్ళు. పుంజు లేదు. ఒకటి పక్కింట్లో, రిటైరైన కాంపౌండరుగారి పెరట్లో ఉంది. దాని కూత రెండిళ్ళకీ సరిపోతుందిలే అని మా ఆవిడ ఇంకోటి తేనివ్వలేదు.

గుడ్లు పెట్టుకోవడానికి పాత బీరువా సొరుగులు రెండు ఊక పోసి గూట్లో పెట్టి ఉంచాం. ఎర్రది అందులో ఒకదాంట్లోకి దూరి, ఇక బయటికి రాలేదు. సాయంత్రం చూసినా అక్కడే ఉంది, మర్నాడు పొద్దున చూసినా అక్కడే. ఒళ్ళంతా ఉబ్బించుకుని దిండులా పరుచుకుంది. చెయ్యి దగ్గరికి పెడితే గుర్రుమంది. కోడి గుర్రుమనడం నేను అంతకుముందు వినలేదు. ఇంకాస్త దగ్గరికి పెడితే మణికట్టు మీద పొడిచింది. నేను కంగారుపడి ఫోన్ చేశాను.

"కళ్ళు మూసుకుందా, తెరుచుకుందా?" అంది మా ఆవిడ.

"తెరిచే ఉంది. మింగేసేట్టు చూస్తోంది."

"ఒళ్ళు ఉబ్బించిందా?"

"రెండింతలైంది."

"జబ్బూ లేదు, గిబ్బూ లేదు. పొదుగుకొచ్చింది."

"పుంజే లేకుండా పొదుగేంటి?"

"అదంతా దానికి తెలుస్తుందా? ఒంట్లో వేడి పుడుతుంది, కూర్చోవాలనిపిస్తుంది, కూర్చుంటుంది. కింద ఉన్నవి ఉత్త గుడ్లు. ఎన్నాళ్ళు కూర్చున్నా అవి కుళ్ళేవే గానీ పిల్లలయ్యేవి కావు. తిండి మానేసి చిక్కి శల్యమవుతుంది. మీరు లేపి బయట పడేయండి. మళ్ళీ కూర్చుంటే మళ్ళీ లేపండి."

వినడానికి అదేం పెద్ద పని కాదనిపించింది.

లేపి బయట వదిలాను. రెక్కలు దులుపుకుని, నాలుగు గింజలు ఏరుకుని, రోజంతా ఆపుకున్నదంతా కంపు కొట్టేట్టు ఒకచోట వదిలి, నేను చేతులు కడుక్కుని వచ్చేసరికి మళ్ళీ సొరుగులో ఉంది. మళ్ళీ లేపాను. మళ్ళీ ఎక్కింది. సొరుగుకి అట్టముక్క అడ్డం పెడితే పక్క సొరుగులో కూర్చుంది. దానికీ అడ్డం పెడితే గూట్లో ఒక మూల, ఉత్త నేల మీద, గుడ్డుకి బదులు ఒక గులకరాయిని కిందికి లాక్కుని కూర్చుంది. ఆ రాయిని అది ముక్కుతో ఎంత జాగ్రత్తగా పొట్ట కిందికి తోసుకుందో చూశాక లేపబుద్ధి కాలేదు. అయినా లేపాను. చెప్పిన పని చెయ్యాలి కదా.

మిగతావాటి గొడవ వేరే. సొరుగులు మూసేసరికి వాటికి దారీతెన్నూ తెలియకుండా పోయింది. అక్కాచెల్లెళ్ళలో ఒకటి బట్టలు నానబెట్టే తొట్టిలో గుడ్డు పెట్టింది. రెండోది నా డ్యూటీ బూటులో పెట్టింది. చుక్కలది గోడెక్కి దూకి కాంపౌండరుగారి పూలకుండీ చూసుకుంది. పోలీసు పెట్టడమే మానేసి, రోజంతా ఎర్రదాని చుట్టూ తిరుగుతూ, సందు దొరికితే నెత్తిమీద పొడిచేది. ఒక్క కోడి కూర్చున్న పాపానికి పెరడంతా తలకిందులైంది.

మా అత్తగారు దిగింది ఈ గొడవ మధ్యలోనే.

వస్తున్నట్టు నాకు ఎవరూ చెప్పలేదు. ఇంటి ముందు ఆటో ఆగింది. అందులోంచి ఒక ట్రంకుపెట్టె, ఒక పరుపుచుట్ట, ఆ తర్వాత చేతుల కుర్చీ ఒకటి దిగాయి. వాటి వెనక ఆవిడ దిగింది. ఆవిడ ఉండేది మా బావమరిది దగ్గర. చుట్టపుచూపుగా వచ్చే మనిషి సొంత కుర్చీ తెచ్చుకోవడం నేనెక్కడా చూడలేదు.

"ఈ కుర్చీ ఎక్కడ వేయించమంటావు బాబూ?" అంది.

మా పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆవిడకీ నాకూ మధ్య మాటలు అవసరానికే. బాగున్నావా బాబూ, బాగున్నాను అత్తయ్యా, అంతే. పోట్లాటేం లేదు, మాట్లాడుకునే సందర్భమే రాలేదు. ఎన్నాళ్ళుంటారని అడగడానికి ఏ అల్లుడికి నోరు పెగులుతుంది? కిటికీ దగ్గర వేయించాను.

ఆవిడ కాళ్ళు కడుక్కుని ఇల్లంతా తిరిగింది. వెనక గదిలోకి వాననీళ్ళు వస్తాయా అని అడిగింది. మునిసిపాలిటీ నీళ్ళు ఏ వేళకి వదులుతారని అడిగింది. వంటింటి కిటికీ రెక్క లాగి చూసి, బోల్టు బిగించాలి అంది. అద్దెకు దిగేవాళ్ళు అడిగినట్టు అడుగుతోందేంటి ఈవిడ అనుకున్నాను గానీ, పెద్దావిడ, చాదస్తం కాబోలని సరిపెట్టుకున్నాను. ఆ తర్వాత పెరట్లోకి వచ్చి, నాలుగు ఇటుకల మీద పాత కిటికీ జాలీ పరిచి నేను కడుతున్న పంజరాన్ని చూసింది.

"ఇదేంటి?"

"ఎర్రదానికి. అడుగున ఊకా గడ్డీ లేకుండా జాలీ మీద ఉంచితే కింద నుంచి గాలి ఆడి పొట్ట చల్లబడుతుందట. చల్లబడితే కూర్చోవాలన్న ధ్యాస పోతుందని మీ అమ్మాయి చెప్పింది."

"కూర్చుంటానన్నదాన్ని కూర్చోనివ్వక ఎందుకీ హింస? పక్కింట్లో పుంజుంది కదా. నాలుగు మంచి గుడ్లు తెచ్చి కింద పెట్టు. అదే పొదుగుతుంది, అదే లేస్తుంది."

"మీ అమ్మాయి వద్దంది అత్తయ్యా."

"మా అమ్మాయి ఇక్కడుందా?"

ఆ మాట ఆవిడ మామూలుగానే అంది. నాకే ఎక్కడో గుచ్చుకుంది.

పంజరంలో ఎర్రది రెండు పూటలు నిలబడింది, అరిచింది, నీళ్ళు తాగింది, పక్షిలా కనపడింది. నయమైందనుకుని సొరుగుల అట్టలూ, పంజరం తలుపూ తీశాను. ఒక్క పరుగున సొరుగులోకి ఎక్కింది. మళ్ళీ పంజరంలో పెట్టాను. ఈసారి ఇంకో రోజు ఎక్కువ ఉంచాను. తలుపు తీసేసరికి అదే పరుగు. పొట్ట కింద ఈకలు తనే పీక్కుని తోలు కనపడేట్టు చేసుకుంది. నెత్తి మీది ఎర్రటి జుట్టు పాలిపోయింది. దాని మొహంలో నాకు కోపం కనపడలేదు. నేను అక్కడ ఉన్నానన్న సంగతే దానికి పట్టినట్టు లేదు.

నెల నిండింది. మా ఆవిడ ఫోన్ చేసి, "ఇంకో బ్యాచి చేరిందండీ. ఇంకొన్నాళ్ళు ఉండమంటున్నారు" అంది.

"ఎన్నాళ్ళు?"

"చూడాలి." తర్వాత, "సెలవులు అయ్యాక మీ స్కూలువాళ్ళు పాత డ్రైవర్లనే ఉంచుతారా, మారుస్తారా?" అంది.

"మార్చడమెందుకు? నేనేం తప్పుచేశాను?"

"తప్పని కాదు." వెంటనే మాట మార్చింది. "ఎర్రది లేచిందా?"

"లేవలేదు."

"సరే అయితే" అని పెట్టేసింది. దేనికి సరేనో నాకు తెలియలేదు.

ఆ మర్నాడు గోడ దగ్గర కాంపౌండరుగారు పలకరించాడు. ఊళ్ళో సంగతులన్నీ ఆయన చెవిన పడకుండా పోవు. చుక్కలది కుండీలో పెట్టిన గుడ్డు నా చేతిలో పెట్టి, నా భుజం మీద చెయ్యేశాడు.

"సర్దుకుపోవాలి డ్రైవరుగారూ. ఈ రోజుల్లో మామూలే."

"ఏది మామూలు?"

"మీకు తెలియంది నేను చెప్పేదేముంది" అని మొక్కలకి నీళ్ళు పోయడానికి వెళ్ళిపోయాడు.

ఇంట్లోకి వెళ్ళేసరికి అత్తగారు మా ఆవిడ కుట్టుమిషన్‌కి నూనె వేసి, గుడ్డ కప్పి, తాడుతో కడుతోంది. మంచం మీద మా ఆవిడ చీరలు మడతలు పెట్టి మూటకట్టి ఉన్నాయి. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. ఆవిడ నన్ను చూసి, "తాడు చివర పట్టుకో" అంది. పట్టుకున్నాను.

నాకప్పుడు అన్నీ కలిసినట్టనిపించింది. నెల పొడిగించడం, ఫోన్‌లో డ్రైవర్ల సంగతి అడగడం, కుర్చీ, మిషన్, భుజం మీద చెయ్యి. మా ఆవిడ తిరిగి రాదు. అందరికీ తెలుసు, నాకు తప్ప. ఎందుకు రాదో మాత్రం ఎంత తల బద్దలుకొట్టుకున్నా తోచలేదు. పోట్లాడుకున్నామా అంటే లేదు. చెయ్యి చేసుకోను, తాగను. మాట తక్కువ, అది నిజమే. ఆమెకీ తక్కువే. ఇద్దరం తక్కువ మాట్లాడుకుంటూ హాయిగా ఉన్నామనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. అది నా ఒక్కడి హాయేమో.

ఫోన్ చేసి అడగొచ్చు. చేతిలోకి తీసుకున్నాను, పక్కన పెట్టాను. అడిగితే చెప్పేస్తుంది కదా, అదీ భయం. పెరట్లోకి వెళ్ళి పంజరం ముందు కూర్చున్నాను. ఎర్రది జాలీ మీద, కింద ఏమీ లేకపోయినా, ఉన్నట్టే రెక్కలు పరుచుకుని కూర్చుని ఉంది. నాకు ఏమనిపించిందో ఇప్పటికీ సరిగా చెప్పలేను. లేచి కాంపౌండరుగారి ఇంటికి వెళ్ళి, పొదిగించడానికి గుడ్లు కావాలన్నాను.

ఆయన ఎనిమిది ఏరి ఇచ్చాడు. "తీసుకోండి. ఇంట్లో కాస్త సందడిగా ఉంటుంది" అన్నాడు జాలిగా. డబ్బులిస్తే పుచ్చుకోలేదు. దాంతో నాకు ఇంకా దిగులేసింది.

గుడ్లు చూసి అత్తగారి మొహం విప్పారింది. చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని పనిలోకి దిగింది. ఆ సొరుగుల్లో వద్దంది. మిగతావి ఎక్కి తొక్కుతాయి, తమ గుడ్లు కూడా అందులోనే పెట్టి కలిపేస్తాయి అంది. మెట్లకింద సందులో, చీకటిగా చల్లగా ఉండేచోట, టీవీ వచ్చిన అట్టపెట్టెలో ఊక పోయించింది. పోలీసు రాకుండా జాలీ అడ్డం కట్టించింది. ఒక్కో గుడ్డు మీదా పెన్సిలుతో గీత గీసింది.

"ఇది ఎందుకు?"

"గీత లేనిది కనపడితే కొత్తగా చేరిందని తెలుస్తుంది. తీసేయాలి. ముందూ వెనకా అయితే లెక్క తప్పుతుంది."

పొద్దువాలి మసక పడ్డాక ఎర్రదాన్ని తెచ్చి గుడ్ల మీద దించాను. పొడుస్తుందని చెయ్యి వెనక్కి తీసుకోబోయాను. పొడవలేదు. ముక్కుతో ఒక్కో గుడ్డునీ తాకి, కడుపు కిందికి సర్దుకుని, ఒకసారి అటూ ఇటూ కదిలి, బరువుగా దిగింది. పది మందీ ఎక్కాక బస్సు కుంగినట్టు కుంగింది.

మా ఆవిడకి నేనే చెప్పాను.

"ఎర్రది కింద గుడ్లు పెట్టాం. మంచివే. పక్కింటివి."

ఆమె వెనకాల మిషన్ల హోరు వినిపిస్తోంది.

"ఇప్పుడా?" అంది. "ఇప్పుడు పిల్లలు లేస్తే ఎవరు చూస్తారు వాటిని?"

"మనమే."

"మనమేనా." అది అడగడమో, నా మాటే తిరిగి అనడమో పోల్చుకోలేకపోయాను. "సరే. మీ ఇష్టం" అంది. ఆ గొంతు ఏడుపుకి దగ్గరగా ఉంది. కోడిపిల్లల కోసం ఏడవడమేంటో నా బుర్రకి ఎక్కలేదు.

వారం పైన గడిచాక అత్తగారు గుడ్లు పరీక్ష చేయాలంది. ఎర్రది మేతకి దిగిన సమయం చూసి, గుడ్లు చిన్న గిన్నెలో పెట్టుకుని సామాన్ల గదిలోకి వెళ్ళాం. కిటికీకి దుప్పటి కప్పి, ఫోన్ టార్చి వెలిగించాం. ఆవిడ గుడ్డుని లైటు మీద ఆనించి పట్టుకునేది. లోపల ఎర్రటి నరాలు పాకి, మధ్యలో నల్ల చుక్క కదిలితే, "ఇందులో ఉంది" అనేది. ఉత్తగా పసుప్పచ్చగా మెరిస్తే పక్కన పెట్టేసేది. ఆ చీకట్లో ఆవిడ మొహం నాకు కనపడదు, నాది ఆవిడకి కనపడదు. అడగడానికి అదే వీలనిపించింది.

"అత్తయ్యా, మీ అమ్మాయి ఇక రాదా?"

"కదిలించకు, లైటు కదిలించకు" అంది. ఆ గుడ్డు చూసి, గిన్నెలో పెట్టి, అప్పుడు, "రాకపోవడమేంటి? వెళ్ళేది నువ్వు కదా" అంది.

"నేనా? ఎక్కడికి?"

"దాని దగ్గరికి."

లైటు ఆవిడ మొహం మీదికి తిప్పాను. ఆవిడ కళ్ళు చికిలించి, "దించు" అంది. దించాను.

"నీకు చెప్పానందే" అంది ఆవిడ. "ఆ షెడ్డు మొత్తం చూసుకునే ఉద్యోగం దానికే ఇస్తున్నారు. నీతో అంటే నువ్వు మాట దాటేశావట. ఆలోచించుకోనీలే అమ్మా, బలవంతం చేయనంది."

"నాతో ఎప్పుడందీ?"

"అక్కడ కూడా స్కూలు బస్సులున్నాయని చెప్పిందట కదా."

చెప్పింది. అక్కడికి వెళ్ళిన కొత్తలో. ఇక్కడ కూడా స్కూళ్ళు చాలా ఉన్నాయండీ, పొద్దున్నే వరసగా బస్సులు పోతుంటాయి అంది. పిల్లలున్న చోటల్లా ఉంటాయి అన్నాను నేను. అది నన్ను రమ్మనడం. ఇది నేను రానని చెప్పడం. ఇద్దరం ఆ మాటలు అనుకుని ఫోన్లు పెట్టేసి, నెల రోజులు ఎవరి కష్టం వాళ్ళం పడ్డాం.

"మరి మీరు ఇక్కడికి..."

"మీరు వెళ్తే ఇల్లు ఎవరు చూస్తారని వచ్చాను." ఆవిడ గిన్నెలో గుడ్లు ఒకదానికొకటి తగలకుండా జరిపింది. "నిజం చెప్పాలంటే అది కూడా కాదు బాబూ. మా అబ్బాయింట్లో నాకేం లోటు లేదు. కోడలు మంచిదే. కానీ వంటింట్లోకి వెళ్ళాలంటే అడిగి వెళ్ళాలి. పొయ్యి వెలిగించనా అమ్మాయీ అని అడగాలి. అది కాదనదు. కానీ అడగాలి. మీరు వెళ్తున్నారని తెలిసి నా కుర్చీ నేను తెచ్చుకున్నాను. తీరా వచ్చి చూస్తే నువ్వు కదలవు, మెదలవు. పంజరాలు కడతావు. అల్లుడు అలిగాడేమో అనుకున్నాను. కాంపౌండరుగారు కూడా అదే అన్నాడు."

"నేను దేనికి అలుగుతాను?"

"అదే మాకూ తెలియలేదు. పద, అది తిరిగొచ్చేలోపు గుడ్లు పెట్టేయాలి. చల్లారిపోతాయి."

గుడ్లు పెట్టేశాం. మా ఆవిడ నన్ను వదిలిపోవడం లేదని ఒళ్ళు తేలికైంది. రెండు నిమిషాలే. ఆ వెంటనే అసలు సంగతి వచ్చి మీద కూర్చుంది. నేను వెళ్తానా? నా స్కూలు బస్సు రూటు నాకు కళ్ళుమూసుకుని నడిపేంత అలవాటు. ఏ మలుపులో ఏ కుక్క అడ్డం వస్తుందో తెలుసు. ఏ పిల్ల సంచీ మర్చిపోయి మళ్ళీ ఇంట్లోకి పరిగెడుతుందో తెలుసు, ఎంతసేపు ఆగాలో తెలుసు. రెండో గేరు పడాలంటే కాస్త బతిమాలాలి. అది కూడా నాకే తెలుసు. అడిగేవరకూ తెలియక బాధ, అడిగాక తెలిసి ఇంకో బాధ. వద్దనాలని లేదు, సరేననాలనీ లేదు. ఫోన్‌లో మాట్లాడితే మళ్ళీ ఏదో ఒకటి అని పెట్టేస్తాం. కోళ్ళని అత్తగారికి అప్పజెప్పి, మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను.

ఆ షెడ్డు ఊరి చివర ఉంది. లోపల వరసలు వరసలుగా మిషన్లు, వాటి ముందు వంచిన తలలు. మా ఆవిడ వరసల మధ్య నడుస్తోంది. ఇంట్లో నడిచినట్టు కాదు. ఒకమ్మాయి కుట్టిన చొక్కా చెయ్యి తీసుకుని, గోటితో కుట్టు పైకి లాగి చూసి, ఏదో చెప్పి, విప్పించింది. ఆ అమ్మాయి "అలాగే మేడమ్" అంది. నేను గుమ్మంలో నిలబడి, ఆ మేడమ్ ఎవరా అని చూశాను. నన్ను చూసి ఆమె పరిగెత్తుకు రాలేదు. చెయ్యి ఎత్తి, పది నిమిషాలు అని సైగ చేసింది.

క్యాంటీను బల్ల మీద ఎదురెదురుగా కూర్చున్నాం. ఆమె జుట్టులో దారప్పోగు ఒకటి చిక్కుకుని ఉంది.

"ఎర్రదాన్ని వదిలేసి వచ్చారా?"

"మీ అమ్మ చూస్తోంది. ఆరింట్లో ఉన్నాయి, రెండు ఉత్తవి."

"ఆరు మంచిదే." టీ గ్లాసు చేతుల మధ్య తిప్పింది. "అమ్మ చెప్పిందా?"

"చెప్పింది. నువ్వు అడగలేదు కదా నన్ను."

"అడిగాను."

"బస్సులు పోతున్నాయనడం అడగడమా?"

"పిల్లలున్న చోటల్లా ఉంటాయనడం జవాబా?"

ఆమెకు నవ్వు వచ్చింది గానీ నాకు రాలేదు. తర్వాత నాకు వచ్చేసరికి ఆమె కళ్ళు తుడుచుకుంటోంది.

"గుడ్లు పెట్టామన్నారు కదా, అప్పుడు అనుకున్నాను, ఇంక ఈయన ఆ ఇల్లు వదలరు అని. కదిలే మనిషి పొదిగిస్తాడా?"

"నువ్వు రావేమోనని పెట్టాను."

"నేను రాకపోతే కోడిపిల్లలెందుకు?"

గ్లాసులు రెండూ తీసుకెళ్ళి కడిగేచోట పెట్టి వచ్చాను.

పని అయ్యాక ఆమె చూసిపెట్టుకున్న ఇల్లు చూపించింది. మేడమీద రెండు గదులు. మెట్లు నిటారుగా ఉన్నాయి. కిటికీలోంచి మెయిన్ రోడ్డు కనపడుతుంది. పెరడు లేదు. నేను గోడలు తట్టి చూశాను, కొళాయి తిప్పి చూశాను. ఆమె గుమ్మంలో నిలబడి నన్నే చూస్తోంది. వంటగదిలో గట్టు ఎత్తు ఆమెకి సరిపోతుందా అని చెయ్యి పెట్టి చూస్తూ, "స్కూలు తెరిచేలోపు వాళ్ళకి చెప్పాలి" అన్నాను.

"ఏమని?"

"ఇంకో డ్రైవరుని చూసుకోమని. ఉన్నట్టుండి అంటే వాళ్ళకీ ఇబ్బంది."

ఎప్పుడు తేల్చుకున్నానో నాకు తెలియదు. గట్టు ఎత్తు చూసేటప్పుడు తేలినట్టుంది. ఆమె "ఊఁ" అని, వెళ్ళి కిటికీ మూసింది.

తిరిగొచ్చిన కొన్నాళ్ళకి గుడ్లు చిట్లాయి. అత్తగారు కుర్చీ తీసుకెళ్ళి మెట్ల దగ్గరే వేసుకుంది. ఒక గుడ్డుకి చిల్లు పడి, లోపల ముక్కు కదులుతోంది, బయటికి రావడం లేదు. నేను గోటితో పెంకు తీయబోతే చేతిమీద ఒకటి వేసింది. "దాని తంటా అది పడనీ." పొద్దుగూకేసరికి ఎర్రది రెక్కల కింద నుంచి తడి తలలు బయటికి తొంగిచూశాయి. ఐదు లేచాయి. ఆరోది పెంకులోనే ఉండిపోయింది. ఎర్రది గొంతే మారిపోయింది. గుర్రుమనడం పోయి, లోలోపల ఏదో చెప్పుకుంటున్నట్టు కొక్కొక్కు అంటూ ఉంది.

మిగతా మందలో కలపడం ఇంకో యుద్ధం. జాలీ ఇవతల ఎర్రది, పిల్లలు. అవతల నలుగురు పెద్దమనుషులు. చూడటం అలవాటయ్యాక జాలీ తీశాం. పోలీసు ఒక పిల్ల మీదికి దూకింది. ఎర్రది గాల్లోకి లేచి పోలీసుని గోడదాకా తరిమింది. అంతటితో పెరట్లో గొడవ సద్దుమణిగింది. నేను చూస్తుండగానే అక్కాచెల్లెళ్ళు మళ్ళీ సొరుగుల్లో పెట్టడం మొదలుపెట్టాయి.

స్కూలుకి చెప్పాను. వాళ్ళు పెద్దగా బాధపడలేదు, అదే నాకు కాస్త బాధేసింది. స్కూళ్ళు తెరిచేముందు మిషన్, మూటలు, వంటసామాను లారీకెక్కించాం. అత్తగారు కుర్చీలో కూర్చుని ఏది ముందు ఎక్కించాలో చెప్పింది. నేను వెళ్ళొస్తానంటే, "కిటికీ బోల్టు బిగించావా?" అంది. బిగించానన్నాను. "సరే, బయల్దేరు. ఎండెక్కుతోంది" అంది.

ఇక్కడ నాకు వేరే స్కూలు బస్సు దొరికింది. కొత్త రూటు. మొదట్లో ఒక వీధికి బదులు ఇంకో వీధికి పోయి పిల్లల చేత నవ్వించుకున్నాను. మా ఆవిడ నాకంటే ముందు బయల్దేరుతుంది, నాకంటే ఆలస్యంగా వస్తుంది. వంట నేనే చేస్తున్నాను. బాగుందో లేదో ఆమె చెప్పదు, రెండోసారి వడ్డించుకుంటే బాగున్నట్టు.

వానలు పడ్డాక ఒక శుక్రవారం అత్తగారు ఫోన్ చేసింది. ఎర్రది పిల్లల్ని వదిలేసిందట. దగ్గరికొస్తే పొడిచి తరుముతోందట.

"అంత కష్టపడి పొదిగి, పొడవడమేంటి అత్తయ్యా?"

"అవి పెద్దవయ్యాయి. అది మళ్ళీ గుడ్లకొచ్చింది. కోడి అన్నాక అంతే."

"మీకెలా ఉంది? ఒక్కరూ ఉండగలుగుతున్నారా?" అని సూటిగా అడిగాను. ఆ వేసవి తర్వాత సూటిగా అడగాలని ఒట్టు పెట్టుకున్నాను.

"నాకేం. రాజాలా ఉన్నాను. ఇవాళ కూడా ఎర్రది గుడ్డు పెట్టింది. ఇన్ని గుడ్లు నేనొక్కదాన్నే ఏం చేసుకుంటాను" అని పెట్టేసింది.

మా ఆవిడకి చెప్పాను, మీ అమ్మ హాయిగా ఉందట అని. ఆమె వాళ్ళమ్మ అన్నదంతా మాట పొల్లుపోకుండా మళ్ళీ చెప్పించుకుని, "ఆదివారం వెళ్దాం. రమ్మంటోంది" అంది.

"ఎక్కడంది రమ్మని?"

"మీకు చెప్పినా అర్థం కాదు."

ఆదివారం పొద్దున్నే బస్సెక్కాం. తలుపు తీసి అత్తగారు మమ్మల్ని ఎగాదిగా చూసింది. "ఎవరు రమ్మన్నారు మిమ్మల్ని? మొన్ననేగా మాట్లాడింది. ఉత్తినే ఇంత దూరం పడి రావడమెందుకు?" అంది. నేను మా ఆవిడ వైపు చూశాను. ఆమె చెప్పులు విప్పి లోపలికి వెళ్ళిపోయింది.

వంటింట్లో పెద్దగిన్నెలో అన్నం వార్చి ఉంది. నేల మీద మూడు పీటలు వాల్చి ఉన్నాయి.

ఏ మాట నమ్మాలో నాకు అప్పటికీ తెలియలేదు. చేతులు కడుక్కుని కూర్చున్నాను.